ఆరోగ్య నగర పరిశోధకులు కావాలంటే: విశాఖలో ఒక వార్డుతో మొదలుపెట్టండి

వీధిలో ఫుట్‌పాత్ ఎంత వెడల్పుందో ఇంజినీరింగ్ విభాగం చెప్పగలదు. ఆ వీధిలో ఎంతమంది బీపీ మందులు వాడుతున్నారో ఏఎన్ఎం రిజిస్టర్ చెబుతుంది. ఈ రెంటికీ సంబంధం ఉందా, ఉంటే ఎంత, దేన్ని మారిస్తే ఏది తగ్గుతుంది అన్నది మాత్రం ఏ రిజిస్టర్లోనూ దొరకదు. అది తేల్చడమే ఈ రంగంలో పరిశోధకుల పని. డిగ్రీ నుంచి ఉద్యోగ దరఖాస్తు దాకా ఏం చేయాలో ఇక్కడ వరసగా చెబుతాం. ఎక్కువ చోటు మాత్రం ఒక వార్డు అధ్యయనానికే ఇస్తున్నాం. ఎంపిక కమిటీ ముందు సర్టిఫికెట్ కన్నా గట్టిగా మాట్లాడేది అదే.

1. డిగ్రీ: త్వరగా తేల్చుకోండి

ఇంటర్ తర్వాత బి.ప్లాన్, అంటే నగర ప్రణాళికలో డిగ్రీ, చేయాలంటే జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బి రాయాలి. మన రాష్ట్రంలో విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. సివిల్ ఇంజినీరింగో ఆర్కిటెక్చరో పూర్తిచేసినవాళ్లు గేట్‌లో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపర్ రాసి ఎం.ప్లాన్‌కి వెళ్లవచ్చు. విజయవాడతో పాటు హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం), ఖరగ్‌పూర్ ఐఐటీ, అహ్మదాబాద్ సెప్ట్ విశ్వవిద్యాలయం కూడా చూడండి. పర్యావరణ ప్రణాళిక గానీ రవాణా ప్రణాళిక గానీ స్పెషలైజేషన్‌గా తీసుకుంటే ఈ పనికి దగ్గరగా ఉంటుంది. వైద్యం, నర్సింగ్ వైపు నుంచి వచ్చేవాళ్లకు ప్రజారోగ్యంలో మాస్టర్స్ దారి ఉంది. వాళ్లకు తక్కువ పడేది మ్యాపుల పని, ప్లానర్లకు తక్కువ పడేది ఎపిడెమియాలజీ, అంటే జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో లెక్కతేల్చే శాస్త్రం.

మీరు ప్లానర్ అయితే ఆ లోటు ముందే పూడ్చుకోండి. కారణానికీ ఫలితానికీ రెంటికీ తగిలే మూడో అంశాన్ని ఎలా గుర్తించాలి, ఎంతమందిలో ఎంతమందికి జబ్బుందని లెక్కకట్టేటప్పుడు ఆ మొదటి సంఖ్య ఎక్కణ్నుంచి తేవాలి, ఒక మనిషి రోజులో ఏ చోట ఎంతసేపు ఉంటే ఎంత దుమ్ము పీల్చినట్టు. ఈ మూడూ వంటబడితే మొదటి అధ్యయనానికి చాలు. సాఫ్ట్‌వేర్ కోసం డబ్బు పెట్టక్కర్లేదు. మ్యాపులకు క్యూజీఐఎస్, గణాంకాలకు ఆర్, రెండూ ఉచితమే.

2. ప్రశ్నను చిన్నది చేయండి

"విశాఖ ఆరోగ్యకరమైన నగరమేనా" అన్నది ప్రశ్న కాదు, సెమినార్ బ్యానర్. "కంచరపాలెం వైపు కొండవాలు ఇళ్లలో ఉండే 60 ఏళ్లు దాటినవాళ్లు పట్టణ ఆరోగ్య కేంద్రానికి నెలకు ఎన్నిసార్లు వెళ్తున్నారు, ఎక్కాల్సిన మెట్ల సంఖ్యతో అది మారుతోందా" అన్నది ప్రశ్న. అందులో ఒక చోటుంది, ఒక వయసుంది, కొలవగలిగే కారణం, కొలవగలిగే ఫలితం ఉన్నాయి.

విశాఖలో ఇలాంటి ప్రశ్నలకు కరువు లేదు. ఊరి పాత భాగం కొండల నడుమ గిన్నెలా ఉంటుంది. అందులోనే ఓడరేవు, చుట్టుపక్కల పరిశ్రమలు. గాలి కదలని రోజుల్లో పొగా దుమ్మూ అక్కడే నిలిచిపోతాయి. హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ, గాజువాక, ఇలా ఊరి నడుమ నుంచి పోయే జాతీయ రహదారి 16ని దాటడం దానికదే ఒక అంశం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను కూల్చిన చెట్ల నీడ ఏ వీధుల్లో తిరిగొచ్చింది, ఎక్కడ రాలేదు అన్నది ఇంకొకటి. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ విషవాయువు లీకైన తర్వాత ఫ్యాక్టరీకీ ఇళ్లకూ మధ్య దూరం ఎంత ఉండాలన్న ప్రశ్న ఈ ఊళ్లో ఎవరికీ కొత్తగా వివరించక్కర్లేదు.

ఒక్కటే ఎంచుకోండి. రెండు ప్రశ్నలు పట్టుకున్న మొదటి అధ్యయనం సాధారణంగా రెండింటికీ సగం సగం జవాబే ఇస్తుంది.

3. హద్దులు సరిచూడండి

ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో జరిగింది. అందులో "విశాఖపట్నం జిల్లా" అంటే పాత ఉమ్మడి జిల్లా: నగరంతో పాటు అనకాపల్లి, పాడేరు, అరకు అన్నీ కలిపి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. ఆ సర్వేలోని రక్తహీనత శాతాన్ని తెచ్చి నగరానిదిగా రాస్తే ఏజెన్సీ గ్రామాల పరిస్థితిని బీచ్ రోడ్డుకు అంటగట్టినట్టే.

2011 జనగణనతోనూ అదే తంటా. అప్పటి జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ)లో 72 వార్డులు, ఇప్పుడు 98. భీమిలి, అనకాపల్లి ఆ తర్వాత కలిశాయి. నంబరు ఒకటే అయినా వార్డు ఒకటి కాదు. పాత, కొత్త హద్దులు రెండూ మ్యాపు మీద పరిచి, పాత వార్డులోని ఇళ్లు కొత్త వార్డులోకి ఎన్ని వచ్చాయో భవనాల పొర (ఒక్కో భవనం గీసి ఉన్న మ్యాపు ఫైలు) సాయంతో పంచుకోండి. విస్తీర్ణాన్ని బట్టి పంచకండి. వార్డులో సగం కొండే ఉంటే, విస్తీర్ణం లెక్కలో కొండ మీద కూడా జనం ఉన్నట్టు వస్తుంది.

4. మ్యాపు సిద్ధం చేసుకోండి

క్యూజీఐఎస్‌లో ప్రాజెక్టు తెరవగానే కోఆర్డినేట్ పద్ధతిని యూటీఎం జోన్ 44 ఉత్తరం, అంటే జాబితాలో ఈపీఎస్‌జీ 32644 అన్న కోడ్‌కి మార్చండి. అక్షాంశ రేఖాంశాల్లోనే వదిలేస్తే దూరాలు డిగ్రీల్లో వస్తాయి. 500 మీటర్ల వలయం గీద్దామని 500 కొడితే అది భూగోళాన్నే మింగేస్తుంది.

ఆ వలయం అలవాటునూ మానుకోండి. ఆరోగ్య కేంద్రం చుట్టూ వృత్తం గీసి, లోపలున్న ఇళ్లన్నిటికీ సేవ అందుతోందనడం చదునైన ఊళ్లో కొంత నడుస్తుంది. విశాఖలో ఆ వృత్తం రైలు పట్టాలనో కొండనో దాటేస్తుంది. గీత మీద 300 మీటర్లు కనిపించే ఇల్లు, వంతెన చుట్టూ తిరిగొస్తే కిలోమీటరు పైనే ఉండొచ్చు. వీధుల వెంబడి నడక దూరమే లెక్కించండి. సెకనుకు 1.2 మీటర్ల వేగం అనుకుంటే 15 నిమిషాలకు 1,080 మీటర్లు.

కొండవాలులో ఆ లెక్క కూడా చెల్లదు. వంద మెట్ల వరుసను తీసుకోండి. మెట్టు లోతు 300 మిల్లీమీటర్లయితే మ్యాపు మీద అది 30 మీటర్ల గీత, పాతిక సెకన్ల నడక. మెట్టు ఎత్తు 170 మిల్లీమీటర్లయితే మనిషి నిజంగా ఎక్కింది 17 మీటర్లు, దాదాపు ఆరంతస్తులు. బిందెతో అయితే ఇంకో సంగతి. పైగా ఈ మెట్లు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో (అందరూ కలిసి గీసే ఉచిత మ్యాపు) చాలాచోట్ల ఉండనే ఉండవు. నడిచి గీసుకోవాలి. ప్రతి వరుసకూ మెట్ల సంఖ్య, సగటు ఎత్తు, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉందా, మధ్యలో ఆగే చదును ఎన్ని మెట్లకొకటి వస్తుంది, ఇవి రాసుకోండి. ఎక్కే సమయాన్ని ఊహించకుండా, ఒప్పుకున్న నలుగురైదుగురు పెద్దవాళ్లతో వాళ్ల మామూలు వేగంలో ఎక్కి, స్టాప్‌వాచ్‌తో చూడండి. మీ కాళ్ల వేగం పనికిరాదు.

5. వీధి కొలతలు

సరంజామా: 5 మీటర్ల స్టీలు టేపు, 30 మీటర్ల ఫైబర్ టేపు, సుద్దముక్కలు, కోబో టూల్‌బాక్స్ (సర్వే వివరాలు ఫోన్లో నింపే సాఫ్ట్‌వేర్) ఫారం ఎక్కించిన ఫోను, ఛార్జింగ్ అయిపోతే రాసుకోవడానికి కాగితం ఫారాలు. ఇద్దరు కావాలి. ఒకరు కొలిస్తే ఒకరు నమోదు చేస్తారు. ఒక్కరే వెళ్తే టేపు రెండో చివర ఎవరు పట్టుకుంటారన్న దగ్గరే అంచనాలు మొదలవుతాయి.

వీధిని 100 మీటర్ల ముక్కలుగా కోయండి. కూడలి వస్తే అక్కడ ముక్క ఆపేయాలి. ఎడమ, కుడి వైపులు వేర్వేరు రికార్డులు. ప్రతి ముక్కలో ఫుట్‌పాత్ సగటు వెడల్పు కాకుండా అన్నిటికన్నా ఇరుకైన చోట మిగిలిన ఖాళీ వెడల్పు కొలవండి. వీల్‌చెయిర్ ఆగిపోయేది అక్కడే కాబట్టి. పాదచారుల సదుపాయాల మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 103వ సంహిత నివాస ప్రాంతంలో కనీసం 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు, తలపైన 2.2 మీటర్ల ఖాళీ అడుగుతుంది. రోడ్డు నుంచి ఫుట్‌పాత్ గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు.

మన వీధుల్లో ఫుట్‌పాత్ అంటే చాలాచోట్ల మురుగుకాలువ మీద పరిచిన పలకలే. కాబట్టి లేచిన పలకలు, విరిగినవి, అసలు లేనివి విడివిడిగా లెక్కించాలి. "బాగోలేదు" అని ఒక గడి పెడితే తర్వాత ఎవరికీ ఉపయోగపడదు. ఇంకొకటి సాధారణంగా ఫారాల్లో ఉండదు: ఇంటివాళ్లు కారు ఎక్కించుకోవడానికి పోసుకున్న సిమెంటు ర్యాంపు. దానివల్ల ఫుట్‌పాత్ అడ్డంగా వాలిపోతుంది. వెడల్పు లెక్కలో 2 మీటర్లు ఉన్నట్టే వస్తుంది, మోకాళ్ల నొప్పులున్న మనిషి మాత్రం రోడ్డు మీదకు దిగి నడుస్తారు. వంద మీటర్లకు అలాంటి ర్యాంపులు ఎన్నో రాయండి.

తోపుడు బండ్లను, బడ్డీలను అడ్డంకుల జాబితాలో పడేయకండి. రాత్రి తొమ్మిదికి మిర్చిబజ్జీల బండి దీపం వెలుగుతున్న వీధిలో ఆడవాళ్లు ధైర్యంగా నడుస్తారు, ఖాళీగా ఉన్న విశాలమైన ఫుట్‌పాత్ మీద నడవకపోవచ్చు. బండి ఉందా అన్నది ఒక గడి, బండి పోను మిగిలిన వెడల్పు ఎంత అన్నది ఇంకో గడి. ట్రాన్స్‌ఫార్మర్, పార్కింగ్ బైకులు, ఇంటి పని కోసం పోసిన ఇసుక కుప్ప, ఇవి వేరు.

నీడను మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు లోపు చూడాలి. ఉదయం ఏడింటికి ఏ వీధికైనా నీడ ఉంటుంది. దీపాల కోసం చీకటిపడ్డాక రెండోసారి వెళ్లాలి. స్తంభం ఉంటే దీపం ఉన్నట్టు కాదు, దీపం ఉంటే వెలిగినట్టూ కాదు.

అసలు సర్వే ముందు ఇద్దరేసి ఉన్న రెండు జట్లు ఒకే 20 ముక్కల్ని ఒకరికొకరు చెప్పుకోకుండా కొలవాలి. ఏ ప్రశ్నకు రెండు జట్ల కప్పా విలువ (జవాబులు ఎంత కలిశాయో చెప్పే అంకె, పూర్తిగా కలిస్తే 1) 0.6 కన్నా తక్కువ వచ్చిందో ఆ ప్రశ్నను తిరగరాయండి. తప్పు మనుషులది కాదు, ప్రశ్నది. ఫొటోల్లో ముఖాలు, బండి నంబర్లు పడకుండా చూసుకోండి.

6. వేడి, గాలి

ల్యాండ్‌శాట్ 8, 9 ఉపగ్రహాల ఉష్ణోగ్రత మ్యాపు ఉచితంగా దొరుకుతుంది, చూడ్డానికి బాగుంటుంది, దాంతోనే పేపర్ రాసేయాలనిపిస్తుంది. అది చూపేది నేల, కప్పు వేడి. మనిషికి తగిలే గాలి వేడి కాదు. పైగా ఉపగ్రహం మన మీదుగా పోయేది ఉదయం పదిన్నర ప్రాంతంలో. అసలైన కొలత 100 మీటర్ల గడిది, దాన్నే 30 మీటర్లకు సర్ది ఇస్తారు. ఒక్క వీధికి పనికిరాదు. ఏ వార్డులో కొలవాలో ఎంచుకోవడానికి వాడండి, ఆపైన పరికరం పట్టుకుని వెళ్లండి.

విశాఖ వేసవిలో ఉష్ణోగ్రత అంకె చూస్తే పెద్దగా భయమేయదు. 34 డిగ్రీలకు 75 శాతం తేమ తోడైతే హీట్ ఇండెక్స్, అంటే ఒంటికి తెలిసే వేడి, 45 డిగ్రీలు దాటుతుంది. ఉక్కపోతను లెక్కలోకి తీసుకోని అధ్యయనం ఈ ఊరికి చెల్లదు. కాబట్టి వేడితో పాటు తేమ కూడా కొలిచి దానంతటదే నమోదు చేసుకునే పరికరం, లాగర్, కొనండి. రెండు కావాలి. ఒకటి వార్డులో నీడలో ఒకేచోట కట్టి ఉంచండి, రెండోదాన్ని నడిచేటప్పుడు నేలకు మీటరున్నర ఎత్తులో పట్టుకెళ్లండి. ఎండ నేరుగా తగలకుండా తెల్లటి కవచం ఉండాలి, కొత్త చోట పది నిమిషాలు ఆగాకే అంకె రాయాలి. నడక గంటన్నర పడితే ఆలోపు సముద్రపు గాలి తిరిగిపోవచ్చు. కట్టిన లాగర్‌లో వచ్చిన మార్పును తీసేస్తే తప్ప చివరి వీధి మొదటి వీధి కన్నా చల్లగా ఉందని చెప్పలేరు.

గాలి దుమ్ముకు చవక లేజర్ సెన్సర్లు వాడేవాళ్లు విశాఖలో రెండు దెబ్బలు తింటారు, అవీ రెండు వైపుల నుంచి. తేమ 80 శాతం దాటినప్పుడు నీరు పట్టి ఉబ్బిన కణాల్ని సెన్సర్ పెద్దవిగా చదువుతుంది, పీఎం 2.5 (2.5 మైక్రాన్లలోపు సన్నటి దుమ్ము) ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తుంది. బొగ్గు, ఖనిజం దుమ్ములాంటి ముతక కణాల్ని సరిగా పట్టలేక పీఎం 10ని (10 మైక్రాన్లలోపు దుమ్ము) తక్కువగా చూపిస్తుంది. పాతనగరంలో కిటికీ పలక మీద వేలితో రాస్తే నల్లగా అంటుకునే దుమ్ము ఆ సెన్సర్‌కు దాదాపు కనపడదు. ఓడరేవు దుమ్మే మీ ప్రశ్న అయితే ఫిల్టర్ కాగితం తూకం వేసే నమూనా యంత్రం తప్పదు. యూనివర్సిటీ ల్యాబ్‌ను అడగండి. సెన్సర్లు వాడక తప్పకపోతే, అనుమతి తీసుకుని కాలుష్య నియంత్రణ మండలి నిరంతర కొలత కేంద్రం పక్కన రెండు వారాలైనా ఉంచి, తేమను బట్టి సవరించే సూత్రం కట్టుకోండి.

పోల్చేటప్పుడు ఏ ప్రమాణంతో పోల్చారో రాయండి. పీఎం 2.5కి మన జాతీయ ప్రమాణం ఏడాది సగటు ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాములు, 24 గంటలకు 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చినవి 5, 15. అదే అంకె ఒకదాని ప్రకారం పాసు, ఇంకోదాని ప్రకారం ఘోరం.

7. మనుషుల దగ్గరకు

సంస్థాగత నైతిక కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఇంటి తలుపూ తట్టకండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం అంగీకార పత్రం ఉండాలి. తెలుగులో, చదివి వినిపించగలిగే తెలుగులో. తర్వాత తెచ్చుకునే అనుమతికి పత్రికలు విలువివ్వవు.

ఒక శాతాన్ని అటూ ఇటూ 5 శాతం తేడాలో తేల్చాలంటే పుస్తకం లెక్క 384 మంది. గుంపులు గుంపులుగా ఇళ్లు ఎంచుకుంటాం కాబట్టి దాన్ని ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేయాలి. తాళం వేసిన ఇంటికి మూడుసార్లు వెళ్లండి. పక్కింటిని పట్టుకుంటే పగలంతా ఇంట్లో ఉండేవాళ్లే మీ నమూనాలో నిండిపోతారు. సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారాలు తప్పనిసరి.

శారీరక శ్రమకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 16 ప్రశ్నల ప్రశ్నావళి జీపాక్ వాడండి. "మీరు వ్యాయామం చేస్తారా" అంటే మూడు పూటలా నీళ్లు మోసే మనిషి కూడా "లేదమ్మా, మాకెక్కడ కుదురుద్ది" అంటుంది. ఆ మోత "పని" విభాగంలో రావాలి. ఊపిరి కొంచెం వేగంగా ఆడే పని అని చెప్పి, మీ ఉదాహరణలు మీరే సిద్ధం చేసుకోండి: మెట్లెక్కి నీళ్లు తేవడం, పిండి రుబ్బడం, చేపల బుట్ట మోయడం. బీపీ చూస్తే ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, నిమిషం ఎడంతో రెండుసార్లు చూడండి. 140/90 దాటినవాళ్లకు ఆరోగ్య కేంద్రానికి చీటీ ఇవ్వాలి. రాసుకుని వచ్చేయడం తప్పు.

విశ్లేషణలో ఒక గుంట ఉంది. డేటా మొత్తం పోసి చూస్తే ఫుట్‌పాత్ అధ్వానంగా ఉన్నచోటే జనం ఎక్కువ నడుస్తున్నట్టు వస్తుంది! బైకు, కారు లాంటి సొంత బండి లేనివాళ్లు దారి ఎలా ఉన్నా నడవాల్సిందే, వాళ్లుండే వీధులకే ఫుట్‌పాత్ ఉండదు. అందుకే బండి ఉందా లేదా, ఆదాయం, వృత్తి ఇవి మొదటి రోజు ఫారంలోనే ఉండాలి. తప్పక నడిచే నడకను, కావాలని నడిచే నడకను విడదీయాలి. బీచ్ రోడ్డులో ఉదయం నడిచేవాళ్లనూ పనికి నడిచి వెళ్లేవాళ్లనూ ఒకే వరుసలో వేసిన సగటుకు అర్థం లేదు.

8. ఫలితం ఎవరి చేతిలో పెట్టాలి

ముందు ఆ రోడ్డు ఎవరిదో కనుక్కోండి. జాతీయ రహదారి ఒకరిది, ఓడరేవు రోడ్డు ఇంకొకరిది, రైల్వే స్థలం వేరొకరిది. జీవీఎంసీకి ఇచ్చిన మంచి సిఫార్సు "మా పరిధి కాదు" అన్న ఒక్క వాక్యంతో తిరిగొస్తుంది. వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శి, సదుపాయాల కార్యదర్శి, ఆరోగ్య కార్యదర్శి ముగ్గురినీ మొదట్లోనే కలవండి. సర్వేకు వెళ్లేటప్పుడు వీధివాళ్ల అనుమానాలు తీరేది కూడా ఆశా కార్యకర్త పక్కన ఉంటేనే.

ఇచ్చే కాగితం ఒక్కటే పేజీ. సూచిక విలువలు అందులో వద్దు. ఫలానా కూడలి నుంచి ఫలానా బడి వరకు ఎన్ని పలకలు లేవు, ఎన్ని రన్నింగ్ మీటర్లు, ఏ దీపాలు వెలగవు. ఇంజినీరు దాన్ని చూసి అంచనా తయారుచేయగలగాలి. రికార్డులు అడిగినా ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది: 10 రూపాయలు, 30 రోజులు. "ఎందుకు చేయలేదు" అని అడక్కండి, జవాబు రాదు. ఫలానా రోడ్డు అంచనా నకలు, కొలతల పుస్తకం నకలు అని ఉన్న కాగితాన్నే అడగండి.

9. ఉద్యోగం

పీహెచ్‌డీ చేస్తే ప్లానింగ్ నుంచి ఒక గైడు, ప్రజారోగ్యం నుంచి ఒక సహ గైడు ఉండేలా చూసుకోండి. ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఆంధ్ర వైద్య కళాశాల ఒకే ఊళ్లో ఉండటం విశాఖవాళ్లకు కలిసొచ్చే విషయం. పీహెచ్‌డీ వద్దనుకుంటే ఢిల్లీలోని జాతీయ పట్టణ వ్యవహారాల సంస్థ, బెంగళూరులోని పట్టణాల అధ్యయన సంస్థ ఐఐహెచ్‌ఎస్, రవాణా మీద పనిచేసే ఐటీడీపీ ఇండియా, డబ్ల్యూఆర్‌ఐ ఇండియా లాంటి చోట్ల పరిశోధన సహాయకుల పోస్టులు చూడండి. ఏపీపీఎస్సీ ద్వారా వచ్చే టౌన్ ప్లానింగ్ ఉద్యోగం స్థిరమైనదే, రోజులో ఎక్కువ భాగం భవన అనుమతులకు పోతుందని తెలిసి చేరండి.

దరఖాస్తుతో పాటు వార్డు మ్యాపు ఒకటి, డేటాలో ప్రతి గడి అర్థం రాసిన పట్టిక ఒకటి, జీవీఎంసీకి ఇచ్చిన ఆ ఒక్క పేజీ పెట్టండి. నాలుగోది ఎక్కువమంది పెట్టరు: కొలవకుండా వదిలేసిన వీధి ముక్కల జాబితా, ఒక్కోదాని పక్కన కారణం. కుక్కలు, గేటు వేసిన కాలనీ, వర్షం, అనుమతి రాలేదు, ఏదైనా సరే. ఇంటర్వ్యూలో డేటా తెలిసినవాళ్లు ముందు అడిగేది దాని గురించే.